ఊరంతటికీ తెలిసిన ఇంజను

మా కిశోర్ ఫోను చేసి "అత్తా, నీకో సర్‌ప్రైజు" అన్నాడంటే, ఆ పూట బీపీ మాత్ర వేసుకున్నానో లేదో ముందు చూసుకుంటాను. కిశోర్ మా తమ్ముడి కొడుకు. గాజువాకలో ఉంటాడు, అక్కడే ఒక కంపెనీలో మెషీన్ల దగ్గర ఉద్యోగం. మంచి పిల్లాడు, అడిగిన పని కాదనడు. అడగని పని చేసేస్తాడు, అదే చిక్కు. నా మోకాలికి ఆపరేషను అయ్యాక కొన్నాళ్ళు కారు నడపొద్దని డాక్టరు చెబితే, సీతమ్మధారలో మా అపార్టుమెంటు కింద దుమ్ము పట్టి పడి ఉండడం ఎందుకని నా చిన్న కారు తాళాలు వాడి చేతికిచ్చాను. కూరగాయలకీ, బ్యాంకుకీ, ఎప్పుడైనా బుద్ధి పుడితే భీమిలి దాకా వెళ్ళి రావడానికీ నాకు సరిగ్గా సరిపోయే బండి అది. సి-బుక్కు నా పేరు మీద, ఇన్సూరెన్సు నా పేరు మీద. "వారానికోసారి తిప్పుతూ ఉండు, బ్యాటరీ పోకుండా" అని మరీ మరీ చెప్పాను. బ్యాటరీ పోలేదు. ఇంజను పోయింది.

ఆ సంగతి నాకు తెలిసింది మొన్న ఆదివారం. అంతకు రెండు రోజుల ముందే డాక్టరు ఇక నడుపుకోవచ్చని చెప్పాడు. కారు తెచ్చి ఇవ్వరా అని వాడికి కబురు పెట్టి, పొద్దున్నే తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని, బాల్కనీలో కూర్చున్నాను. వీధి మలుపులో ఏదో గుర్రుమంటూ వచ్చింది. ఎవరిదో పెద్ద బండి అనుకున్నాను. తీరా చూస్తే గేటు లోపలికి వచ్చింది నా కారు. కర్ర పట్టుకుని కిందికి దిగేసరికి కిశోర్ బానెట్ ఎత్తి, దాని పక్కన పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు.

"ఏట్రా ఆ చప్పుడు?" అన్నాను.

"అదే అత్తా సర్‌ప్రైజు. పెద్ద బండి ఇంజను ఏసీసాను. యాక్సిడెంటయిన బండిది, సబ్బవరం షెడ్డులో దొరికింది. లాగదు లాగదు అని నువ్వే కదేటి అనీదానివి."

నేను ఆ మాట అన్నది జన్మలో ఒక్కసారి. సింహాచలం ఘాట్ రోడ్డులో, ఏసీ వేసుకుని, నలుగురు బంధువుల్ని ఎక్కించుకుని వెళ్తున్నప్పుడు. అందులో ఇద్దరు బాగా బరువైనవాళ్ళు. ఆ మాటని వీడు అర్జీ కింద తీసుకుంటాడని నాకెలా తెలుస్తుంది?

"ఎవర్ని అడిగి వేశావు?"

"నిన్నడిగితే మరి సర్‌ప్రైజు ఎలగవుద్ది?"

"ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పావా? ఆర్టీవో ఆఫీసులో చెప్పావా?"

"అందరికీ తెలుసత్తా. రీలు పెట్టేను కదా, గాజువాకంతా సూసినారు. గుడికి కూడా తీసికెల్లి పూజ సేయించేను. ఇదిగో, సూడు."

చూశాను. నల్లటి ఇంజను నెత్తిన పసుపు పూసి, మధ్యలో పెద్ద కుంకుమ బొట్టు. దాని మీద ఎండిపోయిన బంతిపువ్వు ఒకటి ఇరుక్కుని ఉంది. వాచ్‌మన్ కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాను. కిశోర్ భయపడి నీళ్ళు తెచ్చాడు. వాడికి తెలియదు పాపం, ఆ బొట్టు నేను ఇదివరకే ఒకసారి చూశాను.

నా చిన్నప్పుడు మేం గాజువాకలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. వెనక పెద్ద పెరడు, పెరట్లో పనసచెట్టు. నాన్న పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. సాయంత్రం ఆయన సైకిలు దిగితే గ్రీజు వాసన ఆయనకంటే ముందు వంటింట్లోకి వచ్చేది. గుమ్మం పక్కన అమ్మ ఒక చిప్పలో కిరసనాయిలు, ఇంకో చిప్పలో తవుడు పెట్టి ఉంచేది. ముందు దానితో, తరవాత దీనితో చేతులు తోముకుని, ఆ తరవాతే గడప దాటాలి. ఎంత తోమినా ఆయన గోళ్ళ చివర నలుపు ఉండేది, మేం ఆయన కలిపి పెట్టిన ముద్దలు తింటూ ఆ నలుపు చూస్తూ పెరిగాం. పోర్టు వైపు నుంచి గాలి తిరిగిందంటే ఇనప ఖనిజం ధూళి వచ్చి ఆరేసిన బట్టల మీద పడేది. అమ్మ గాలి వాసన చూసి, తీగ మీద బట్టలు లోపలికి లాగేసేది. మా ఇంట్లో కిరసనాయిలు వాసన రాని వస్తువు ఇంగువ డబ్బా ఒక్కటే అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

నాన్నకి ఒక జబ్బు ఉండేది. ఏ వస్తువు చూసినా దానికి ఉన్న బలం చాలదని అనిపించేది ఆయనకి. బల్ల ఫ్యానుకి పెద్ద మోటారు వేశాడు, అది తిరిగిన ఊపుకి బల్ల మీద నడుచుకుంటూ పోయి కింద పడింది. కిరసనాయిలు స్టవ్వుకి లావు వత్తులు ఎక్కించాడు, వంటింటి కప్పు నల్లబడింది. బావి గిలక మార్చాడు, చేద బయటికి రాకుండా గిలకలోనే ఇరుక్కునేది. ఆయన చేతి పని మాత్రం వంక పెట్టడానికి ఉండేది కాదు. ఎక్కడా వదులు ఉండదు, ఎక్కడా గీత తప్పదు. ఆ పని మనకి అవసరమా కాదా అన్న ప్రశ్న ఒక్కటే ఆయన వేసుకునేవాడు కాదు. అమ్మ వేసేది. ఆవిడ వేసే ప్రశ్నలకి మా ఇంట్లో జవాబు చెప్పే అలవాటు లేదు.

పోర్టులో ఒక ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ తన పాత చిన్న కారు అమ్ముతానంటే నాన్న కొన్నాడు. మీగడ రంగు, గుండ్రటి దీపాలు. నలుగురు కూర్చుంటే నిండుతుంది, ఐదోవాళ్ళు ఎక్కితే మూలుగుతుంది. నాన్న దాన్ని కొన్నది విప్పి చూడడానికి. నడపడం నేర్చుకున్నది అమ్మ. స్టీలు ప్లాంటు టౌన్‌షిప్పు అప్పటికి సగం లేచింది, రోడ్లు ముందు వేసేసి ఇళ్ళు తరవాత కడుతున్నారు. కిలోమీటర్ల కొద్దీ తిన్నటి రోడ్లు, నరపురుగు ఉండేది కాదు. ఆదివారాలు నాన్న అక్కడికి తీసుకెళ్ళి నేర్పాడు. అమ్మ పొట్టి, కూర్చుంటే బానెట్ కనబడేది కాదు. పాత చీరలు మడిచి ఒక మందపాటి మెత్త కుట్టుకుంది, దాని మీద కూర్చునేది. కాలనీలో ఆడవాళ్ళు మొదట నవ్వారు, తరవాత ఎక్కించుకోమని అడిగారు.

లైసెన్సు వచ్చాక ప్రతి ఆదివారం సబ్బవరం వెళ్ళేవాళ్ళం. అమ్మ పుట్టిల్లు సబ్బవరం దగ్గర పల్లె. అమ్మమ్మకి చూపు తగ్గింది, కూతురు వచ్చి తల దువ్వితే తప్ప ఆవిడ దువ్వించుకోదు. నాన్న పక్క సీట్లో, నేనూ తమ్ముడూ వెనక. అమ్మ చెంగు బొడ్లో దోపి, మెత్త సర్దుకుని, అద్దం సర్దుకుని, అప్పుడు తాళం తిప్పేది. ఎడ్లబండి అడ్డం వస్తే హారను కొట్టేది కాదు, కిటికీలోంచి తల పెట్టి "బావూ, కూసింత జరుపమ్మా" అనేది. వచ్చేటప్పుడు డిక్కీలో బెల్లం, అరటి గెల, ఆనపకాయలు. ఇంట్లో అందరి తరవాత కూర్చుని, మిగిలింది తిని లేచే మనిషి, ఆ బండిలో మాత్రం అందరికంటే ముందు కూర్చునేది. అలా కూర్చున్నప్పుడు ఆవిడ మొహం వేరేగా ఉండేది. నాకది చాలా ఇష్టంగా ఉండేది, కొంచెం భయంగా కూడా ఉండేది.

ఇక మా అప్పలనాయుడు మామయ్య సంగతి. అమ్మకి తమ్ముడు. నాన్నా ఆయనా కలిస్తే ఇంట్లో ఒక వస్తువు మీద దెబ్బ పడ్డట్టే లెక్క. ఎక్కడో వేలంలో ఒక తుక్కు జీపు ఇంజను దొరికిందని ఎద్దుబండి మీద తెచ్చి మా పెరట్లో దించాడు. ఇద్దరూ దాని చుట్టూ గొంతుక్కూర్చున్నారు. నాన్న పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకి, ఇంకో కొస చెవికి ఆనించి, మామయ్య చేత చేత్తో తిప్పించి, లోపలి చప్పుడు విన్నాడు. డాక్టరులా తల ఊపాడు.

"దీన్ని మన బండికి ఏసీస్తే, బావా, లారీలు కూడా దారిస్తాయి," అన్నాడు మామయ్య.

"మరేటనుకున్నావు. ఇది ఇంజనంటే," అన్నాడు నాన్న.

వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చింది. "లారీల్తోటి మనకి పందెమేటి? సబ్బవరం ఎల్లడానికి ఉన్నది సాలదేటి?"

మామయ్య గొంతు తగ్గించి, "పాతది నాకిచ్చీ బావా, సెరుకు గానుగాడించుకుంటాను" అన్నాడు. నాన్న సరే అన్నాడు. ఇంజను అమ్మది కదా అని ఇద్దరికీ తోచలేదు. ఇన్నేళ్ళ తరవాత కూడా దీన్ని రాస్తుంటే నాకు తిక్క రేగుతోంది.

దసరా సెలవుల్లో మొదలుపెట్టారు. పనసచెట్టు కొమ్మకి గొలుసు వేసి పాత ఇంజను ఎత్తారు. కొత్తది దించుతుంటే కొమ్మ విరిగింది. దింపాక చూస్తే బానెట్ మూతపడదు. ఇంజను మరీ ఎత్తు. నాన్న ఆలోచించి బానెట్‌కి కన్నం కోసి, అమ్మ బియ్యం కడుక్కునే అల్యూమినియం గమేళా తెచ్చి ఆ కన్నం మీద బోర్లించి, చుట్టూ రివెట్లు కొట్టాడు. పని మాత్రం చాలా శుభ్రంగా వచ్చింది. అమ్మ బియ్యం కడగడానికి వెతుక్కుంటూ పెరట్లోకి వచ్చి, తన గమేళాని కారు నెత్తి మీద చూసింది. వెనక్కి వెళ్ళి పక్కింట్లో గిన్నె అడిగి తెచ్చుకుంది.

మర్నాడు బండిని ఆశీల్‌మెట్ట వినాయకుడి గుడికి తీసుకెళ్ళాం. వైజాగులో ఏ కొత్త బండైనా ముందు అక్కడికే వెళ్తుంది. మాది కొత్త బండి కాదు కాబట్టి నాన్న బానెట్ ఎత్తి పెట్టాడు, దేవుడు కొత్త ఇంజనుని చూడాలని. పంతులు బండికి పెట్టాల్సిన బొట్టు ఇంజనుకి పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, తిరుగు దారిలో నాన్న పోర్టు గేటు దగ్గర ఆపి తోటివాళ్ళకి చూపించాడు. టీ బడ్డీ దగ్గర ఆపి అక్కడ చూపించాడు. కాలనీలో ప్రతి ఇంటివాళ్ళూ వచ్చి గమేళా తట్టి చూసి వెళ్ళారు. సాయంత్రానికి ఆ సంగతి తెలియనివాళ్ళు గాజువాకలో లేరు.

అమ్మ పదో తరగతి దాకా చదువుకుంది. ఇంట్లో కాగితాలన్నీ ఆవిడే చదివి ట్రంకు పెట్టెలో పెట్టేది. "ఇన్సూరెన్సోల్లకి సెప్పారా? బ్రేకు ఇన్‌స్పెక్టరుకి సెప్పారా? ఆ కాయితం మీద పాత ఇంజను నంబరుంది" అని ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"దేవుడికే సెప్పీసేం కదే. ఇంకెవులికి సెప్పాల?" అన్నాడు నాన్న.

"రేపేదన్నా అయితే దేవుడు క్లెయిమిత్తాడేటండి?"

నాన్న నవ్వాడు. ఆయన లెక్కలో ఒక పని జరిగిందని దేవుడికీ, చుట్టాలకీ, కాలనీకీ, టీ బడ్డీకీ తెలిస్తే, లోకానికి తెలిసినట్టే. ఒక్క ఉత్తరం రాస్తే అయిపోయే పని. అమ్మ ఎన్నిసార్లు గుర్తు చేసిందో. రేపు, ఎల్లుండి, జీతాలయ్యాక, అంటూనే ఉన్నాడు. దాచాలన్న ఉద్దేశం ఆయనకి ఏ కోశానా లేదు. ఊరంతా చాటినవాడు, చెప్పాల్సిన ఒక్కరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం అమ్మ ఎప్పట్లా చెంగు దోపుకుని, మెత్త వేసుకుని కూర్చుంది. తాళం తిప్పింది. బండి మొత్తం వణికింది. క్లచ్చు తొక్కబోతే కాలు సగం దూరమే వెళ్ళింది. సీటు అంచుకి జరిగి, స్టీరింగు పట్టుకుని ఒళ్ళంతా బిగబట్టి తొక్కితే దిగింది. వదిలేసరికి బండి కప్పలా ఒక్క గెంతు గెంతి గేటు దగ్గర ఆగిపోయింది. ముందు భాగం బరువెక్కి స్టీరింగు తిరగలేదు, రెండు చేతులతో లాగినా తిరగలేదు. కాలనీ ఆడవాళ్ళు అరుగుల మీద నిలబడి చూస్తున్నారు. రెండోసారి ప్రయత్నించింది, మళ్ళీ అంతే. దిగింది, మెత్త తీసుకుంది, లోపలికి వెళ్ళింది. "అలవాటైపోద్దిలే అప్పా" అన్నాడు మామయ్య అక్కని చూసి. ఆ రోజు నాన్న నడిపాడు. దారిలో ఒక లారీ నిజంగానే పక్కకి జరిగింది. మామయ్య చప్పట్లు కొట్టాడు. అమ్మ వెనక సీట్లో మా ఇద్దరి మధ్య కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది.

పాత ఇంజను తిరిగి పెట్టమని ఆవిడ అడిగింది. అరవలేదు, ఏడవలేదు, రోజూ అడిగింది. చివరికి నాన్న దిగి వచ్చాడు. అయితే అది అప్పటికే మామయ్య గానుగకి బిగించేశాడు, చెరుకు నరుకుళ్ళు మొదలయ్యాయి. "ఈ సీజను అవ్వనీ అప్పా, ఇచ్చీత్తాను" అన్నాడాయన. అమ్మ నమ్మింది. నెలల లెక్కన ఎదురుచూసింది.

సీజను అవ్వకముందే, సంత దగ్గర ఆపి ఉన్న మా బండిని ఒక లారీ వెనక్కి వస్తూ గుద్దేసింది. లోపల ఎవరూ లేరు. డిక్కీ నలిగిపోయింది, వెనక ఇరుసు వంగింది. ఇన్సూరెన్సు డబ్బు వస్తే వెనక బాగు చేయించి, ఎలాగూ విప్పుతారు కాబట్టి ముందు పాత ఇంజను కూడా పెట్టించేయాలని అమ్మ అనుకుంది. అందుకే ఇన్సూరెన్సు సర్వేయరు వస్తాడన్న రోజున ఆవిడ పొద్దున్నే పెసలు రుబ్బింది. నాన్నని పక్కకి పిలిచి, "దెబ్బ ఎనక తగిలింది, ఎనకే సూపించండి, మీ పుణ్యముంటాది" అని చెప్పడం నేను విన్నాను.

సర్వేయరు సన్నటి మనిషి, ఎండనపడి వచ్చాడు. బండి వెనక చుట్టూ తిరిగాడు, కింద పడుకుని ఇరుసు చూశాడు, రాసుకున్నాడు. గమేళా వంక ఒకసారి చూశాడు గానీ ఏమీ అడగలేదు. పెసరట్లు తిన్నాడు, బాగున్నాయన్నాడు. కాఫీ తాగి పెన్ను మూత పెట్టేశాడు. "అయిపోయినట్టేనండీ, కాగితాలు పంపిస్తాం" అని లేచాడు. గుమ్మం పక్కన అమ్మ ఊపిరి వదలడం నాకు వినబడింది.

"ఒక్క నిమిసం ఉండండి సార్," అన్నాడు నాన్న. "ఎనక సూసేరు గానండి, అసలు సరుకు ముందుంది." అని బానెట్ ఎత్తేశాడు.

పసుపు వెలిసిపోయింది గానీ కుంకుమ బొట్టు అలాగే ఉంది. నాన్న ఆగలేదు. ఈ బ్రాకెట్టు నేనే కోశాను, ఈ గొట్టం ఇలా వంచాను, గేరు బాక్సు కలవకపోతే మధ్యలో ఈ ప్లేటు చేశాను, చూడండి సార్ ఎక్కడైనా ఒక్క చుక్క నూనె కారుతోందేమో, అని చూపిస్తూనే ఉన్నాడు. అంత చదువుకున్న మనిషి, బళ్ళ గురించి తెలిసిన మనిషి, తన ఇంటికి వచ్చి తన పని చూడకుండా వెళ్ళిపోవడం ఆయన వల్ల కాలేదు. సర్వేయరు పాపం తల పట్టుకున్నాడు.

"నేను అడగలేదు కదండీ," అన్నాడు నీరసంగా. "ఎందుకు చూపించారు? ఇది కాగితాల్లో ఉన్న ఇంజను కాదు. చూశాక రాయకుండా ఎలా ఉండమంటారు?"

"రాయండి సార్, రాయండి," అన్నాడు నాన్న సంతోషంగా. ఆయనకి ఇంకా అర్థం కాలేదు.

సర్వేయరు పెన్ను మూత మళ్ళీ తీశాడు. అమ్మ కాఫీ గ్లాసులు తీసుకుని పెరట్లోకి వెళ్ళి, తోమిన గ్లాసులే మళ్ళీ తోమింది. రాత్రి నాన్న తలవంచుకుని కూర్చుంటే, ఆవిడ అన్నం పెడుతూ ఒకే ఒక్క మాట అంది. "మీకు సెప్పుకోడానికి ఇంజనుంది. నాకు ఎల్లడానికి బండి నేదు."

క్లెయిము రాలేదు. మారిన ఇంజను సంగతి చెప్పలేదు కాబట్టి చెల్లదన్నారు. బండి ఇటికల మీదకి ఎక్కింది, కోళ్ళు అందులో గుడ్లు పెట్టాయి, ఆఖరికి ఇనప సామాన్ల వాడు లాక్కుపోయాడు. పోయే ముందు అమ్మ గమేళా ఊడదీయించుకుంది. చుట్టూ రివెట్ల కన్నాలు కాబట్టి బియ్యానికి పనికిరాదు, మట్టి పోసి పుదీనా వేసింది. ఆదివారాలు సబ్బవరం బస్సులో వెళ్ళేవాళ్ళం, అది కూడా ప్రతి ఆదివారం కుదిరేది కాదు. అమ్మమ్మ తల దువ్వుతూ ఉంటే పొలం వైపు నుంచి గానుగ చప్పుడు వినబడేది. అమ్మ దువ్వెన ఆపి వినేది. "అది నా బండే. బెల్లం వండతంది" అనేది. పక్కనే ఉన్న మామయ్య ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవాడు. సీజనులు వచ్చాయి, వెళ్ళాయి, ఇంజను తిరిగి రాలేదు.

చాలా ఏళ్ళకి తమ్ముడు కారు కొన్నాడు. అమ్మని ముందు సీట్లో కూర్చోమంటే కూర్చునేది కాదు. పెద్దావిడ, ముందు సుఖంగా ఉంటుందని ఎంత బతిమాలినా వెనకే ఎక్కేది. ఒకసారి నేను కోప్పడితే చెప్పింది. "ముందు కూసుంటే నా కాళ్ళు ఊరుకోవే." అప్పుడు గుర్తొచ్చింది, ఒకే ఒక్కసారి ముందు కూర్చున్నప్పుడు, తమ్ముడు బ్రేకు వేసిన ప్రతిసారీ ఆవిడ కాలు కింద మ్యాటుని తొక్కడం. అమ్మ చనిపోయిన ఏడాది నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. అప్పటికి నాకు జుట్టు సగం నెరిసింది.

ఇదంతా వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని నేను కిశోర్‌కి చెప్పలేదు. మూడ్ లేదు. లేచి వెళ్ళి నా కారులో నా సీట్లో కూర్చుని క్లచ్చు తొక్కాను. మోకాలిలోంచి నొప్పి తొడ దాకా పాకింది. "కొత్త క్లచ్చు కదత్తా, కూసింత గట్టిగుంటాది. అలవాటైపోద్ది" అన్నాడు కిశోర్. ఆ మాట ఆ గొంతుతో విన్నాక నాకు కళ్ళ ముందు మామయ్యే కనబడ్డాడు.

ఇన్సూరెన్సు చేయించిన ఏజెంటుకి అక్కడే కూర్చుని ఫోను చేశాను. ఎవరో అమ్మాయి, నెమ్మదస్తురాలు. అంతా విని, "మేడమ్, సీసీ పెరిగితే ముందు ఆర్టీవో పర్మిషన్ కావాలండి, అది అంత తేలిగ్గా ఇవ్వరు. ఇచ్చినా సి-బుక్కులో ఎక్కాలి, తరవాత మాకు చెప్పాలి. ఇప్పుడున్న స్థితిలో మీ బండికి ఏదైనా అయితే క్లెయిము నిలబడదు. ఎదుటివాళ్ళకి దెబ్బ తగిలితే రేపు కోర్టులో మీ పేరే పిలుస్తారు" అంది. కొంచెం ఆగి, "మేం ఇన్సూరెన్సు చేసిన కారు రోడ్డు మీద లేదండి. రోడ్డు మీదున్న కారుకి ఇన్సూరెన్సు లేదు" అని కూడా అంది. స్పీకరులో పెట్టాను, కిశోర్ విన్నాడు. వాడి మొహంలో రంగు దిగింది.

"పర్మిషను నాను ఆపీసుల సుట్టూ తిరిగి తెత్తానత్తా," అన్నాడు.

"నాకు పర్మిషన్ వద్దు. నా పాత ఇంజను ఎక్కడుంది?"

"సబ్బవరం షెడ్డులో. ఎవులో అడగతన్నారు, పడవకేసుకుంటారట..."

మిగతాది వినలేదు. నా కారుని రోడ్డు ఎక్కనివ్వకుండా క్యారియరు బండి పిలిపించి దాని మీద ఎక్కించాను. కిశోర్‌ని వెంటబెట్టుకుని ఆటోలో, మంచి చీరలో, మోకాలు పట్టుకుని సబ్బవరం బయలుదేరాను. దారంతా కొత్త కాలనీలు, రంగుల జెండాలు పాతిన ప్లాట్లు. గానుగ ఉండాల్సిన చోట ఒక అపార్టుమెంటు, దాని పేరులో ఏదో తోట ఉంది. అప్పట్లో ఇంజను మారితే గుమ్మడికాయ కొట్టేవాళ్ళు, ఇప్పుడు గుమ్మడికాయ కొట్టి రీలు కూడా పెడుతున్నారు. అప్పట్లో సర్వేయరు ఇంటికి వచ్చి పెసరట్టు తినేవాడు, ఇప్పుడు ఫోనులోనే తేల్చేస్తున్నారు. చెప్పాల్సినవాళ్ళకి మాత్రం అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. నడిపే మనిషిని అడగడం అన్నది మా ఇంట్లో మగవాళ్ళకి ఇంకా తట్టలేదు.

షెడ్డులో నా ఇంజను ఒక మూల గోనెసంచి మీద ఉంది. ఎంత చిన్నదో. దాని పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. మేస్త్రీ ఇంటికి పొండమ్మా అన్నాడు, రేపు చూద్దాం అన్నాడు. రేపు అన్న మాట మా ఇంట్లో ఎన్నేళ్ళు సాగుతుందో ఆయనకి తెలియదు. ఆ రోజు పెద్దది దించేదాకా కదల్లేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. నాది బిగించాక, సి-బుక్కులో ఉన్న నంబరూ ఇంజను మీదున్న నంబరూ కిశోర్ చేత పైకి చదివించాను. అప్పుడే ఇన్నాళ్ళ కథ వాడికి చెప్పాను, గమేళాతో సహా. "నానమ్మ బండి నడిపీదా?" అన్నాడు. వాడికి తెలియదు. మా తమ్ముడు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నేను నడిపాను. క్లచ్చు నా కాలికి తెలిసినంత మెత్తగా దిగింది. పెందుర్తి దాటాక ఒక ఆవు అడ్డం వచ్చింది, నేను తీరిగ్గా వేగం తగ్గించాను. "అత్తా, ఆవు" అన్నాడు కిశోర్. చూశాను లేరా అన్నాను. ఆ తరవాత లారీ వచ్చింది, ఆటో వచ్చింది, బడి పిల్లలు వచ్చారు. కిందికి చూస్తే వాడి కుడికాలు మ్యాటు మీద లేని బ్రేకుని తొక్కుతోంది.

"ఏట్రా ఆ కాలు?" అన్నాను.

"ఏటో అత్తా, ఊరుకోడం నేదు."

"మీ నానమ్మకి బతికినన్నాళ్ళూ ఊరుకోలేదు," అన్నాను. వాడు కాలు వెనక్కి లాక్కున్నాడు. మరో మలుపు వచ్చేసరికి అది మళ్ళీ ముందుకి వచ్చింది.